మా తాతయ్య మోకాళ్ల నొప్పి

నా చిన్నప్పుడు నెలకొకసారి మా ఇల్లంతా ఉడికిన ద్రాక్షల వాసనతో నిండిపోయేది. నెల మొదటి ఆదివారం మా గుడిలో ప్రభువు బల్ల ఉండేది. రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకుని యేసు ప్రభువు మరణాన్ని తలచుకునే రోజు అది. ఆ రోజుకు కావలసిన ద్రాక్షరసం మా నాయనమ్మ చేసేది. ఆ పని ఆమెకు ఎవరు అప్పగించారో, ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తు లేదు. మా తాతయ్య ముషీరాబాద్‌లో ఒక సేటు దుకాణం నుంచి నల్లటి ఎండుద్రాక్ష తెచ్చేవాడు. నాయనమ్మ గురువారం నానబోసి, శనివారం పొద్దున మెత్తగా ఉడికించి, పాత ధోవతి గుడ్డలో పోసి వేలాడదీసేది. గుడ్డను పిండనిచ్చేది కాదు. పిండితే రసంలోకి మడ్డి దిగుతుందని ఆమె పట్టుదల. దానంతట అది చుక్క చుక్కగా గిన్నెలోకి దిగాల్సిందే. తొడిమలు ఏరడం నా పని. ఏరుతూ ఒకటీ అరా నోట్లో వేసుకుంటే చూసీ చూడనట్టు ఊరుకునేది. మరీ ఎక్కువైతే చేతి మీద ఒక్కటిచ్చేది.

అప్పట్లో మేము యూనివర్సిటీ క్యాంపస్‌లో, తార్నాక వైపు గేటుకు దగ్గరగా ఉన్న స్టాఫ్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. తాతయ్యది యూనివర్సిటీ లైబ్రరీలో పాత పుస్తకాలకు అట్టలు కట్టే పని. మా అమ్మానాన్న ఇద్దరూ పల్లెలో టీచర్లు. తార్నాకలో చదువు బాగుంటుందని నన్ను తాతయ్య దగ్గర ఉంచారు. నాకప్పుడు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో ఉంటాయి. మాతోపాటు మా బాబాయి కూడా ఉండేవాడు, నాయనమ్మకు చివరి కొడుకు, ఆ యూనివర్సిటీలోనే చదువుకునేవాడు. రెండు గదుల ఇల్లు, వెనక సీతాఫలం చెట్లు, వాటి వెనక పెద్ద పెద్ద బండరాళ్లు. ఆ రాళ్లెక్కి కూర్చుంటే మెట్టుగూడ వైపు పోయే రైళ్ల కూత వినిపించేది.

మా గుడి ఆ మెట్టుగూడ వైపే. పాత గుడి. రైల్వేలో పనిచేసేవాళ్లు, పల్లెల నుంచి బతుకుతెరువుకు పట్నం వచ్చినవాళ్లు ఎక్కువ. అందరం చాపల మీదే కూర్చునేవాళ్లం. ఒక పక్క మగవాళ్లు, ఒక పక్క ఆడవాళ్లు, నడుమ దారి. పిల్లలం ఆడవాళ్ల వెనక. బల్ల రోజున పెద్దవాళ్లు వరుస తర్వాత వరుస లేచి ముందుకు వెళ్లి, అక్కడున్న చెక్క కమ్మీ దగ్గర మోకరించేవాళ్లు. మేము పాస్టరుగారిని అయ్యగారు అంటాం. అయ్యగారు రొట్టె ముక్క ఇస్తూ పోతే, ఆయన వెనకే సంఘ పెద్ద ఒకరు చిన్న చిన్న గాజు గ్లాసులున్న పళ్లెం పట్టుకుని వచ్చేవారు. ఆ పళ్లెం పట్టేది మా తాతయ్యే. నాకెంత గర్వంగా ఉండేదో! నాయనమ్మ చేసిన రసం, తాతయ్య చేతిలో పళ్లెం. సంఘమంతటికీ మా ఇంటివాళ్లే విందు పెడుతున్నారని నా లెక్క.

అలా సాగుతుండగా మా బాబాయి హాస్టల్ స్నేహితులతో ప్రార్థన కూడికలకు పోవడం మొదలుపెట్టాడు. ఆ పిల్లలంతా తార్నాకలో ఒక రేకుల షెడ్డులో నడిచే కొత్త సంఘానికి వెళ్లేవాళ్లు. వాళ్ల నమ్మకం ప్రకారం, చంటిపిల్లగా ఉన్నప్పుడు నెత్తిన నీళ్లు చిలకరించడం అసలు బాప్తిస్మమే కాదు. మనిషి తెలివొచ్చాక తన పాపం తాను ఒప్పుకుని, నిలువెల్లా నీళ్లలో మునిగి లేవాలి. అప్పుడే క్రైస్తవుడు. బాబాయి కూడా మునిగి వచ్చాడు. ఇప్పుడు తలచుకున్నా నాకు ఆ రోజు అతని ముఖమే కనిపిస్తుంది, అంత వెలుగుగా ఉంది. ఊరికే మాటలతో పోలేదు, మనిషే మారిపోయాడు. అంతకుముందు అన్నంలో ఉప్పు తక్కువైతే కంచం జరిపేవాడు, ఇప్పుడు పొద్దున్నే లేచి నాయనమ్మకు నీళ్లు పట్టి పెట్టేవాడు. అతనిది నటన అని మా ఇంట్లో ఎవరూ అనలేకపోయారు.

కానీ ఆ వెలుగుతో పాటే ఒక భయం కూడా ఇంటికొచ్చింది. తాను రక్షింపబడ్డాడు సరే, మరి అమ్మ? తాతయ్యతో వాదన పెట్టుకునేవాడు. రాత్రి అన్నాల దగ్గర ఇతనొక వాక్యం చదివితే ఆయనొక వాక్యం చదివేవాడు. ఇద్దరి దగ్గరా ఉన్నది ఒక్కటే బైబిలు, ఎవరికి కావలసిన మాట వాళ్లకు అందులో దొరికేది. చారు చల్లారిపోయేది. నాయనమ్మ మాత్రం ఆ మాటల్లోకి వచ్చేది కాదు. పుట్టింటివాళ్లది పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ల నాయన యేసును నమ్ముకున్నాడు, వాకిట్లో ఇంటిల్లిపాదినీ నిలబెట్టి ఎవరో అయ్యగారు ఇత్తడి చెంబులోంచి నీళ్లు తీసి నెత్తిన చల్లారట. చల్లటి నీళ్లు వీపు మీదికి జారేసరికి తనకు నవ్వొచ్చిందని, నవ్వినందుకు వాళ్లమ్మ గిల్లిందని నాకు చాలాసార్లు చెప్పింది. ఆమెకు తెలిసిన బాప్తిస్మం అదే.

ఒక మధ్యాహ్నం బాబాయి ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చాడు. నేను పక్కనే ఉన్నాను. "అమ్మా, నేను పరలోకం పోయి చూసేవరకు నువ్వు గాడ లేకుంటే నేనేం జెయ్యాలె?" అన్నాడు. అంత పెద్ద మనిషి అలా ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. నాయనమ్మ చాలాసేపు అతని తల నిమిరింది. ఆ వారమే అతనితో తార్నాక షెడ్డుకు వెళ్లి, అక్కడి సిమెంటు తొట్టిలో మునిగి, తడి జుట్టుతో ఇంటికొచ్చింది. అన్నం తింటున్న తాతయ్య ముందు నిలబడి దాపరికం లేకుండా చెప్పేసింది.

"చిన్నోడు ఏడుస్తుండయ్యా. నీళ్లే గద, ఇంకోపారి తడిస్తె ఏమైతది అనుకున్న."

తాతయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఏమవుతుందో ఆయనకు తెలుసు, సంఘ పెద్ద కదా. కోప్పడలేదు. "ఒక్క మాట నాతోని చెప్పి పోతే బాగుండు" అన్నాడు, అంతే.

మా పాత గుడి నియమం ప్రకారం బాప్తిస్మం ఒక్కసారే. రెండోసారి పొందడమంటే దేవుడు మొదట ఇచ్చినదాన్ని పనికిరాదని పారేయడమే. అలా చేసినవాళ్లు సంఘం ముందు నిలబడి తప్పయిందని చెప్పేదాకా బల్లకు రాకూడదు. సంఘ పెద్దలు కూర్చుని అదే తేల్చారు. ఆ పెద్దల్లో తాతయ్యా ఉన్నాడు. అక్కడ ఆయనేం మాట్లాడాడో, అసలు మాట్లాడాడో లేదో నాకు తెలియదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పి, విప్పిన చోటే గుమ్మంలో చాలాసేపు కూర్చున్నాడు.

అయ్యగారు చెడ్డవాడు కాదని ముందే చెప్పాలి. కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి, మెత్తనివాడు. స్వయంగా మా ఇంటికొచ్చి, చాయ్ తాగి, నాయనమ్మను బతిమాలాడు. "ఒక్క మాటమ్మా. రెండోది తప్పయిందని ఒక్క మాట అనండి. నేనే చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకెళ్తాను" అన్నాడు.

నాయనమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంది. "ఎట్లంటనయ్యగారు? మా నాయన నమ్మి చేయించిండు, గది తప్పని నేను ఎవ్వరికి చెప్పలే. నా కొడుకు ఏడ్చి చేయించిండు, ఇది తప్పని ఎట్ల చెప్త? నేను గాడ నిలవడి గా మాటంటే వాడు మల్ల నా మొకం చూస్తడా?" అంది. అయ్యగారు చాయ్ గ్లాసు కింద పెట్టి లేచి వెళ్లిపోయాడు.

పోనీ కొత్త సంఘంలోనైనా బల్లకు పిలిచారా అంటే అదీ లేదు. అక్కడ ఒంటి మీద నగ ఉండకూడదు. నగలు లోకానికి గుర్తులట. నాయనమ్మ గాజులు తీసింది, మట్టెలు తీసింది. పుస్తెల దగ్గర మాత్రం ఆగిపోయింది. ఆ పుస్తెల మీద చిన్న సిలువ గుర్తు ఉండేది, తాతయ్య గుడిలో అప్పటి అయ్యగారి ముందే కట్టాడు. "మొగడు బతికుండంగ ఎట్ల తీస్త కొడుకా?" అని అడిగింది. బాబాయి తన సంఘాన్ని నడిపే బ్రదర్ కాళ్లావేళ్లా పడ్డాడు. ఆయన కూడా కఠినుడేం కాదు, ఆమె కోసం ఉపవాస ప్రార్థన పెట్టించాడు. కానీ నియమం నియమమే అన్నాడు. అలా మా నాయనమ్మకు ఒకచోట నీళ్లు ఎక్కువయ్యాయి, ఇంకోచోట బంగారం ఎక్కువైంది. ఇప్పటికీ ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఒళ్లు మండుతుంది, ఎవరి మీద మండాలో మాత్రం తెలియదు.

ఆ నెల బల్లకు ముందు గురువారం వచ్చేసరికి ఆమె ఎప్పటిలాగే ఎండుద్రాక్ష నానబోసింది. నాకు పట్టరానంత కోపం వచ్చింది. మనల్ని రావద్దన్నవాళ్లకు మనమెందుకు చేసిపెట్టాలని అడిగాను. "నేను తాగకుంటే సంఘం గూడ తాగొద్దా ఏంది? తొడిమెలు మంచిగ ఏరు" అంది. సంఘంలో కూడా ఎవరికీ ఆ ఆలోచన తట్టలేదనుకుంటాను. మనిషిని ఆపారు, ఆమె చేతి రసాన్ని ఆపాలని ఎవరూ అనుకోలేదు.

ఆ ఆదివారం ఆడవాళ్ల వరుసలన్నీ లేచి ముందుకెళ్లాయి. నాయనమ్మ లేవలేదు. కొంచెం వెనక్కి జరిగి మా పిల్లల మధ్యకు వచ్చి కూర్చుంది. ఎప్పుడూ బల్ల వేళ ఆ చాపల మీద మేమే ఉండేవాళ్లం, అల్లరి చేసేవాళ్లం. ఆ రోజు ఎవరూ అల్లరి చేయలేదు. "నువ్వు పోవా?" అని గుసగుసగా అడిగాను. "ఇయ్యాల మీతోని కూసుంట" అంది. ముందర తాతయ్య పళ్లెం పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరా ఆగుతున్నాడు. మా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చివర తన వంతు వస్తే మోకరించి తీసుకున్నాడు. ఇంటికొచ్చాక అన్నం వద్దన్నాడు. నాయనమ్మ ఎంత అడిగినా, పొద్దున తాగింది ఇంకా గొంతులోనే ఉందన్నాడు.

తర్వాతి నెల ప్రార్థన మొదలవకముందే ఆయన ఆ పళ్లెం ఇంకో సంఘ పెద్ద చేతికిచ్చేశాడు. "మోకాళ్లు నొస్తున్నయయ్యగారు, వంగవస్తలేదు" అన్నాడు. మగవాళ్ల వరుసలు లేచి ముందుకెళ్తుంటే ఆయన చాప చివర, నడుమ దారికి ఆనుకుని కూర్చున్నాడు. దారికి ఈ పక్కన నాయనమ్మ, ఆమె చుట్టూ మేము. అంత గుడిలో పెద్దవాళ్లు ఇద్దరే మిగిలారు. ఆయన నాయనమ్మ వైపు చూడలేదు, ఆమె ఆయన వైపు చూడలేదు. ఇద్దరూ ముందుకే చూస్తూ కూర్చున్నారు.

నేను పిచ్చిదాన్ని, నిజంగానే నొప్పి అనుకున్నాను. ఆ సాయంత్రమే నువ్వుల నూనె వెచ్చబెట్టించుకుని ఆయన మోకాళ్లకు రాశాను. నూనె వెచ్చబెట్టి ఇచ్చింది నాయనమ్మే. ఆయన పంచె పైకి మడిచి కాళ్లు చాపుకుని, "హాయిగున్నది బిడ్డా, ఇంక జర రాయి" అంటూ రాయించుకున్నాడు. అలా రోజూ రాసేదాన్ని. చేతులకు ఎప్పుడూ నూనె వాసనే. బడిలో పక్కపిల్ల ముక్కు మూసుకునేది.

మా ఇళ్లలో సాయంత్రం దీపాలు పెట్టే వేళ కుటుంబ ప్రార్థన ఉంటుంది. తాతయ్య షాబాద్ బండలు పరిచిన నేల మీద, కింద గుడ్డైనా వేసుకోకుండా మోకరించి, మోచేతులు మంచానికి ఆనించి ప్రార్థన చేసేవాడు. నాయనమ్మ ఆయన పక్కనే. ఆ ప్రార్థన ఎంత పొడుగంటే, పల్లెలోని చుట్టాలు, లైబ్రరీలో పనిచేసేవాళ్లు, పక్కింటివాళ్ల జ్వరం, అన్నీ అందులోకి రావాలి. ఒక రోజు ప్రార్థన నడుమ నేను కళ్లు తెరిచి చూశాను. నేను రోజూ నూనె రాస్తున్న మోకాళ్లు రెండూ నిక్షేపంగా బండ మీద ఆనించి ఉన్నాయి. నేను ఆమేన్ కోసం ఆగి, అడిగేశాను.

"తాతా, గుళ్లె వంగవస్తలేదన్నవ్, ఇంట్ల ఎట్ల వంగినవ్?"

బాబాయి తల దించుకున్నాడు. నాయనమ్మ మెల్లగా తాతయ్య వైపు తిరిగింది. ఆమెకు అప్పుడే అర్థమైంది. ఆమె కూడా ఆ నొప్పిని నమ్మింది మరి. సంతోషిస్తుందనుకుంటే భగ్గుమంది.

"నా కోసం బల్ల మానినవా? నా తిప్పలు నేను పడుత గద, నిన్నెవ్వరు మానమన్నరు? రేపు దేవుని ముందట నీ లెక్క గూడ నా నెత్తి మీదనే వెయ్యాలెనా?"

తాతయ్య మంచం పట్టె పట్టుకుని లేచాడు. "నొస్తున్నయంటె నొస్తున్నయి" అన్నాడు. పంచె సర్దుకుంటూ, "గాడ నువ్వు ఎనక కూసుంటే నాకు వంగుతలేవు. ఈడ నువ్వు పక్కకుంటవు, వంగుతున్నయి. గంతే" అన్నాడు.

నాయనమ్మ వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. చాలా రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. అది అలక కాదు, భయం. తన వల్ల ఆయన ఆత్మకు కీడు జరుగుతోందని ఆమె నిజంగా నమ్మింది. బాబాయి రాళ్ల మీదికి వెళ్లి కూర్చున్నాడు. అతనికి తండ్రి మొండితనం చేస్తున్నట్టు కనిపించిందో, తల్లికి తానే ఈ గతి పట్టించానని అనిపించిందో, రెండూనో. ఆ ఇంట్లో ఒకరంటే ఒకరికి ప్రాణం. ఎవరి నమ్మకంలోనూ అబద్ధం లేదు. అయినా ముగ్గురూ ఒకరినొకరు ఏడిపించుకుంటున్నారు, ఎవరూ ఆపలేకపోతున్నారు. నేను మాత్రం నూనె రాయడం మానలేదు. తాతయ్యా వద్దనలేదు.

ఆ తర్వాత ప్రతి నెలా అదే జరిగింది. గుడి మెట్ల దగ్గర అయ్యగారు, "మోకాళ్లు ఎలా ఉన్నాయి పెద్దాయనా?" అని అడిగేవాడు. "గట్లనే ఉన్నయయ్యగారు" అనేవాడు తాతయ్య. సంఘానికంతటికీ ఆ నొప్పి ఏమిటో తెలుసు. అయ్యగారికీ తెలుసు. కాని మోకాళ్లు నొప్పి అన్నవాడిని ఎవరేమంటారు? ఆయన సంఘం మాట కాదనలేదు, కొడుకు మాట కాదనలేదు, ఎవరినీ తప్పుపట్టలేదు. వెళ్లి చాప చివర కూర్చున్నాడు. ఆయన వల్ల అయింది అంతే.

ఎండాకాలం వచ్చేసరికి నాయనమ్మకు గుండె జబ్బు ముదిరింది. పెద్దాసుపత్రివాళ్లు ఇంక ఇంటికి తీసుకెళ్లమన్నారు. సరిగ్గా బల్ల వారమే. మంచం మీది నుంచే ఆమె మా చేత ద్రాక్ష నానబోయించింది. శనివారం నేనూ తాతయ్యా ఉడికించి గుడ్డలో పోశాం. నేను గుడ్డను ఒకసారి పిండబోతే, పక్క గదిలో ఉన్న మనిషికి ఎలా తెలిసిందో, "పిండకు" అని కేక వచ్చింది.

ఆ మధ్యాహ్నం తాతయ్య అయ్యగారిని పిలుచుకొచ్చాడు. అయ్యగారు రొట్టె, రసం ఉన్న తన చిన్న పెట్టె తెచ్చుకుని మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అమ్మా, సంఘం ముందు నిలబడక్కరలేదు. నోరు తెరిచి చెప్పక్కరలేదు. తప్పయిందని మనసులో అనుకుని తల ఊపండి చాలు. ఇప్పుడే ఇచ్చేస్తాను" అన్నాడు. పాపం, ఆయన చేతిలో ఉన్న వెసులుబాటు అంతే, అదంతా ఇచ్చేశాడు.

నాయనమ్మ ఆ పెట్టె వైపు చూసింది. ఆమెకు ఎంత కావాలని ఉందో ఆమె గొంతు కదలడంలో నాకు తెలిసిపోయింది. తర్వాత దర్వాజా వైపు చూసింది. అక్కడ బాబాయి నిలబడి ఉన్నాడు. వంటింట్లో రసం గిన్నెలోకి చుక్క చుక్కగా పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. మేమందరం ఆమె తల వైపే చూస్తున్నాం. ఊపమ్మా, ఊపు అని నేను లోపల లోపలే అనుకుంటున్నాను. ఆమె తల దిండు మీద కదలలేదు. బాబాయిని చూస్తూ చిన్నగా నవ్వి, కళ్లు మూసుకుంది.

అయ్యగారు తాతయ్య వైపు తిరిగి, "మీరైనా తీసుకోండి పెద్దాయనా. ఇది ఇల్లు, ఇక్కడ మోకరించక్కరలేదు. కూర్చునే తీసుకోవచ్చు" అన్నాడు.

మంచం పట్టె పట్టుకుని నిలబడి ఉన్న తాతయ్య తల అడ్డంగా ఊపాడు. "ఇయ్యాల కూసోవస్తలేదయ్యగారు" అన్నాడు.

అయ్యగారు పెట్టె మూసి, దాని మీద చెయ్యి పెట్టుకుని కాసేపు ప్రార్థన చేసి వెళ్లిపోయాడు. ఆయన గేటు దాటగానే బాబాయి వంటింట్లోకి పరుగెత్తి, గిన్నెలోని రసం ఒక గ్లాసులోకి వంచుకొచ్చాడు. తల్లి పక్కన కూలబడి, "అమ్మా, ఇది బల్ల గాదు, ఏం గాదు, నోరెండింది, జర తాగు" అని ఏడుస్తూ పట్టబోయాడు. నాయనమ్మ కళ్లు తెరిచి గ్లాసు చూసి, దాన్ని చేత్తో పక్కకు జరిపింది.

"ఆదివారానిది అది. ముట్టొద్దు. నాకు నీళ్లియ్యి" అంది.

బాబాయి చెంచాతో నీళ్లు పట్టాడు. గ్లాసులో రసాన్ని తాతయ్య మళ్లీ గిన్నెలో పోశాడు. మర్నాడు పొద్దున స్టీలు క్యానుతో గుడికి వెళ్లి, మెట్ల దగ్గరే ఇచ్చి వెనక్కి వచ్చేశాడు. ఆ ఆదివారం మా సంఘమంతా పుచ్చుకున్నది ఆ రసమే. రెండు రోజులకు నాయనమ్మ పోయింది.

సమాధికి రెండు సంఘాలవాళ్లూ వచ్చారు. మావాళ్లు ఒక పక్క, తార్నాకవాళ్లు ఒక పక్క నిలబడి పాటలు పాడారు. రెండు పక్కలవాళ్లకూ తెలిసిన పాటలే, కలిపి పాడి ఉండవచ్చు, కానీ ఒకరు ఆపాక ఇంకొకరు పాడారు. మట్టి వేసేటప్పుడు మాత్రం ఆమె ఏ సంఘం మనిషని ఎవరూ అడగలేదు. ఆ పుస్తెలు మెడలోనే ఉండిపోయాయి. ఇక తాతయ్యకు నొప్పి తగ్గుతుందని అందరూ అనుకున్నారు. తర్వాతి నెల వరుసలు లేచినప్పుడు అయ్యగారు కమ్మీ దగ్గరి నుంచి ఆయన వైపే చూశాడు. ఆయన చాప చివరే కూర్చున్నాడు, దారికి అవతల మా పిల్లలం తప్ప ఎవరూ లేకపోయినా. పోయేదాకా అలాగే కూర్చున్నాడు.

బాబాయి ఇప్పుడు ముసలివాడు, తార్నాక సంఘంలో పెద్ద. మేమిద్దరం అన్నీ మాట్లాడుకుంటాం, ఇదొక్కటి తప్ప. ఒకసారి మాత్రం, అడగకుండానే అన్నాడు: "ఆ దినం నేను దర్వాజల నిలవడకుంటే అమ్మ తల ఊపుతుండెనేమో." ఏది నిజమైన బాప్తిస్మమో, అసలు నిజమైన క్రైస్తవులెవరో తేల్చే వీడియోలు ఇప్పుడు ఫోన్లో రోజూ వస్తున్నాయి. మా మనవలు అవి చూసి వాదించుకుంటారు. నన్ను అడిగితే తెలియదంటాను. ఇన్నేళ్లుగా ఆలోచించి కూడా నాకు నిజంగానే తెలియదు.

గుడిలో ఇప్పుడు చాపలు పోయి బెంచీలు వచ్చాయి, ద్రాక్షరసం సీసాల్లో వస్తోంది. బల్ల రోజున మా వరుస లేచినప్పుడు నేను ముందు వెనక్కి తిరిగి చూస్తాను, ఎవరైనా మిగిలారా అని. ఈ మధ్య యూనివర్సిటీ హాస్టల్ నుంచి ఒక అమ్మాయి వస్తోంది. పల్లె పిల్ల. నొసట బొట్టు ఉంటుంది. ఊళ్లో తల్లిదండ్రులు ఒప్పుకోరని బాప్తిస్మం తీసుకోలేదట. ఆమె ఇంకా మనలో మనిషి కాదని కొందరు, అయినా ఎందుకు వస్తోందని కొందరు. ఆమెను ముందుకు తీసుకెళ్లే అధికారం నాకు లేదు. ఊళ్లోని ఆ తల్లిదండ్రులతో మాట్లాడే ధైర్యమూ లేదు. పోయిన నెల వరుసలన్నీ లేచాక వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.

"మీరు పోరా అమ్మమ్మా?" అని అడిగింది.

"మోకాళ్లు నొస్తున్నయి బిడ్డా, వంగవస్తలేదు" అన్నాను.

"దవాఖానల చూపెట్టుకోరాదుండ్రి" అంది పాపం, నమ్మేసి. తన బ్యాగు పక్కకు తీసి, కాళ్లు చాపుకోవడానికి చోటిచ్చింది. తాతయ్య నుంచి నాకు వచ్చిన ఆస్తి ఈ నొప్పి ఒక్కటే. ఇది తగ్గాలని నేనెప్పుడూ ప్రార్థన చేయలేదు.